ఇంట్లో ఐస్ టీ చేయాలంటే ముందు మరగబెట్టడం మానాలి

మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం నాలుగింటికి టీ తాగాలనిపించడం ఒక జబ్బు లాంటిది. ఫ్యాను వడగాలి కొడుతూ ఉంటుంది, నిమిషానికోసారి మంచినీళ్లు తాగుతూనే ఉంటాం, అయినా ఆ వేళకి నాలుక టీనే అడుగుతుంది. మా మామగారు చెమటలు తుడుచుకుంటూ పొగలు కక్కే టీయే తాగుతారు. నాకంత ఓపిక లేదు. అందుకే కొన్నేళ్లుగా ఉగాది పచ్చడి అయిపోగానే మా ఫ్రిజ్‌లోకి ఒక డికాషన్ సీసా వచ్చి చేరుతుంది.

మొదటిసారి చేసినప్పుడు మాత్రం ఘోరంగా వచ్చింది. రోజూ పెట్టే టీలో పాలు మానేస్తే సరిపోతుంది అనుకున్నాను. పొడి వేసి, అలవాటు కొద్దీ ఐదు నిమిషాలు తెర్లనిచ్చి, వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. తీసి చూస్తే వానాకాలం కాలవ నీళ్లలా బురద రంగు. నిమ్మకాయ పిండి నోట్లో పోసుకుంటే పచ్చి వక్క నమిలినట్టు వగరు. మామగారు ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టి, "చల్లారిపోయిన టీకి ఇంత హడావుడి ఎందుకమ్మా, పొద్దున మిగిలింది తాగితే పోయేదిగా" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేను చేసింది అక్షరాలా చల్లారిపోయిన టీయే.

ఐస్ టీకి కావలసింది వేరే డికాషన్. అది ఒకటి కుదిరితే మిగతాదంతా మీ ఇష్టం, మీ ఇంట్లో ఏ పండు ఉంటే దాని ఇష్టం. కాబట్టి సగం సేపు డికాషన్ గురించే మాట్లాడుకుందాం.

ఏ పొడి

డబ్బా మూత తీసి కాస్త పొడి అరచేతిలో పోసుకుని చూడండి. ఆవాల్లా గుండ్రంగా, గట్టిగా ఉంటే అది సీటీసీ టీ. మన ఇళ్లలో తొంభై పాళ్లు ఇదే. ఆకుని యంత్రంలో నలిపి, చింపి, చిన్న చిన్న ఉండలుగా చుట్టేస్తారు. 1930ల్లో అస్సాంలో మొదలైన పద్ధతి. నీళ్లు తగలగానే రంగు, వగరు అన్నీ ఒక్కసారిగా దిగిపోతాయి. చిక్కటి పాలు పోసినా టీ రుచి మునిగిపోకుండా నిలబడేది అందుకే. పైగా పాలలోని ప్రొటీన్ ఆ వగరుని పట్టేసుకుంటుంది. పాలు తీసేస్తే ఆ వగరుకి అడ్డం పడేదేదీ లేదు, నేరుగా నాలుక మీదికొస్తుంది.

బొంబాయి రవ్వ కంటే సన్నగా ఉంటే అది డస్ట్. టీ కొట్లకి బాగుంటుంది, ఐస్ టీకి వద్దు. ఎంత సన్నటి జాలితో వడకట్టినా గ్లాసు అడుగున మడ్డి మిగులుతుంది.

ఎండిన కరివేపాకు చేత్తో నలిపినట్టు, పొడుగ్గా మెలికలు తిరిగి ఉంటే అది లీఫ్ టీ. ఆర్థడాక్స్ అని అట్ట మీద రాసి ఉంటుంది. ఐస్ టీకి ఇదే మేలు, అందులోనూ నీలగిరి టీ. చల్లారాక కూడా తేటగా ఉంటుందని దానికి పేరు. ఊటీ, కూనూరు వెళ్లినవాళ్లు చాక్లెట్లతో పాటు ఒక టీ పొట్లం తెచ్చి ఇస్తూ ఉంటారు కదా, అది మీ అల్మరాలో ఎక్కడో ఉండే ఉంటుంది, వెతకండి. కాకపోతే విప్పి చూశాకే నమ్మండి. ఊటీలో కొన్నదైనా అందులో ఉన్నది సీటీసీ గుళ్లే కావచ్చు.

లీఫ్ టీ లేదని ఆగిపోకండి. ఇంట్లో ఉన్న సీటీసీతోనే చేయొచ్చు, టైము విషయంలో మాత్రం కాస్త కఠినంగా ఉండాలి. ఇక డబ్బాల్లో దొరికే ఐస్ టీ పౌడర్ గురించి ఒక్క మాట: డబ్బా వెనక్కి తిప్పి పదార్థాల్లో మొదటి పేరు ఏముందో చదవండి. చాలావాటిలో పంచదార ఉంటుంది. ఒకసారి ఒక కాఫీ షాపులో నూట ఎనభై రూపాయలు పెట్టి ఐస్ టీ తాగుతూ, కౌంటరు వెనక అబ్బాయి చెంచాడు పొడి గ్లాసులో వేసి నీళ్లు కలపడం కళ్లారా చూశాను. ఆ రోజే ఈ పని ఇంట్లో నేర్చుకోవాలని పట్టుదల వచ్చింది.

ఏ నీళ్లు

బోరు నీళ్లతో బ్లాక్ టీ పెట్టి ఒక పది నిమిషాలు వదిలేసి చూడండి. పైన నూనె తెట్టులాంటి పొర ఒకటి తేలుతుంది, చెంచాతో కదిపితే అద్దం పగిలినట్టు ముక్కలవుతుంది. నీళ్లలోని సున్నం టీలోని పదార్థాలతో కలిసి అలా కడుతుంది. పాలటీలో అది కనపడదు, ఐస్ టీలో దాచలేం. ఫిల్టర్ నీళ్లో క్యాన్ నీళ్లో వాడండి. ఐసుకి కూడా అవే.

డికాషన్

నాలుగు పెద్ద గ్లాసులకి లెక్క చెబుతాను.

అర లీటరు నీళ్లు గిన్నెలో పెట్టి తెర్లనివ్వండి. బుడగలు బాగా వచ్చాక స్టవ్ కట్టేయండి. పొడి వేయాల్సింది కట్టేశాకే, ముందు కాదు. సీటీసీ అయితే మూడు చిన్న చెంచాలు, తలగొట్టి. లీఫ్ అయితే ఐదు. మూత పెట్టండి.

ఇప్పుడు ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. సీటీసీకి మూడు నిమిషాలు, లీఫ్‌కి నాలుగు, మహా అయితే ఐదు. నవ్వకండి, టైమర్ అవసరమే. టీ పెట్టే చేతికి రంగు చూసి ఆపడం అలవాటు. మూడు నిమిషాలకి ఆ రంగు చూస్తే ఇంకా దిగలేదనిపిస్తుంది, ఇంకో రెండు నిమిషాలు ఉంచుదామనిపిస్తుంది. ఆ రెండు నిమిషాల్లోనే వగరు దిగేది. ఘాటు కావాలంటే ఇంకో చెంచా పొడి వేయండి గానీ ఎక్కువసేపు నాననివ్వకండి.

టైమర్ మోగగానే వడకట్టండి. జాలిలో మిగిలిన పిప్పిని చెంచాతో నొక్కి పిండే అలవాటు మనందరికీ ఉంది, చుక్క కూడా పోనివ్వం. దీనికి మాత్రం నొక్కకండి. చివర కారే ఆ నల్లటి చుక్కల్లో ఉండేదంతా చేదే. టీ బ్యాగులు వాడినా అంతే, దారంతో చుట్టి పిండొద్దు.

గ్రీన్ టీతో చేసేవాళ్లు తెర్లే నీళ్లు పోయకండి, కషాయం అవుతుంది. స్టవ్ కట్టేసి ఐదారు నిమిషాలు మూత తీసి వదిలేసి, నీళ్లు ఎనభై డిగ్రీల దగ్గరికి దిగాక ఆకు వేయండి. రెండు మూడు నిమిషాలు చాలు.

ఇలా వచ్చిన డికాషన్ మామూలుగా తాగే బ్లాక్ టీ కంటే చిక్కగా ఉంటుంది. అలాగే ఉండాలి. గ్లాసులో ఐసు కరిగి నీళ్లవుతుంది, ఆ నీళ్లకి సరిపడా బలం ముందే ఉండాలి కదా.

బురద రంగు ఎందుకొస్తుంది

టీ వేడిగా ఉన్నంతసేపూ అందులోని కెఫీన్, వగరునిచ్చే పదార్థాలు నీళ్లలో కరిగి ఉంటాయి. చల్లబడేకొద్దీ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని సన్నటి నలకల్లా విడిపోతాయి. టీ ఎంత చిక్కగా ఉంటే అంత బురదగా కనిపిస్తుంది. పాడైనట్టు కాదు, తాగితే ఏమీ కాదు. కానీ చుట్టాల ముందు పెట్టబుద్ధి కాదు.

వడకట్టిన డికాషన్ని వేడివేడిగా ఫ్రిజ్‌లో తోసేయకుండా బయటే గది వేడికి రానివ్వండి. తర్వాత ఒక గ్లాసు చల్లనీళ్లు కలిపి అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టండి. చాలావరకు తేటగా ఉంటుంది. అప్పటికీ మబ్బు పట్టిందా, పావు గ్లాసు వేడినీళ్లు పోసి కదపండి, మీ కళ్లముందే విచ్చుకుంటుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఐస్ టీ మన మజ్జిగ లాంటిది, రోజూ కావాల్సిందే. అక్కడివాళ్లు పొడితో పాటు అతి చిన్న చిటికెడు వంటసోడా వేస్తారు. చేదు విరుగుతుంది, రంగు ముదురుతుంది. అర లీటరుకి గోటి చివర పట్టేంత. అంతకు మించితే సబ్బు రుచి వస్తుంది, నేను చూశాను.

అమెరికా అన్నాను కాబట్టి ఒక ముక్క. 1904లో సెయింట్ లూయిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో మన దేశపు టీకి ప్రచారం చేయడానికి వెళ్లిన రిచర్డ్ బ్లెచిండెన్ అనే ఆయన, ఎండకి వేడి టీ ఎవరూ ముట్టకపోతే అందులో ఐసు వేసి పంచాడని, ఐస్ టీ అలా పుట్టిందని చెబుతుంటారు. పుట్టడం అప్పుడు కాదు, 1870ల నాటికే అక్కడి వంటల పుస్తకాల్లో ఐసు వేసిన టీ ఉంది. ఆ ప్రదర్శనతో ఊరూరా పాకింది. ఏమైనా, ఆ గ్లాసుల్లో పోసింది మన టీయే.

తీపి

చల్లటి టీలో పంచదార వేసి ఎంత కలిపినా అడుగున ఇసకలా కూర్చుంటుంది. పాకం చేసి పెట్టుకోండి. ఒక కప్పు పంచదారకి ఒక కప్పు నీళ్లు, సన్న సెగ మీద కరిగేదాకా. తీగ పాకం, ముదురు పాకం ఏమీ అక్కర్లేదు, కరిగితే చాలు. చల్లార్చి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఉంటుంది. స్టవ్ కట్టేశాక అందులో నాలుగు అల్లం చక్రాలో, గుప్పెడు పుదీనానో, చితక్కొట్టిన రెండు యాలకులో వేసి అరగంట ఉంచి వడకడితే పాకంలోనే వాసన ఉంటుంది, గ్లాసులో వేరే ఏదీ వేయక్కర్లేదు.

బెల్లం పాకం కూడా బాగుంటుంది. వడకట్టడం మర్చిపోకండి, బెల్లంలో నలకలు ఉంటాయి. తాటి బెల్లం అయితే లీఫ్ టీ వాసనని తినేస్తుంది, దాన్ని సీటీసీతో వాడండి. నిమ్మకాయ పిండేదానిలో పంచదార పాకం, పచ్చిమామిడికి బెల్లం. ఇది నా లెక్క, మీది మీరు చూసుకోండి. గ్లాసుకి రెండు పెద్ద చెంచాల పాకం వేస్తే దాదాపు నాలుగు చిన్న చెంచాల పంచదార లోపలికి పోయినట్టే. షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే పాకం కలపకుండా డికాషన్ విడిగా ఉంచి, ఎవరి గ్లాసులో వాళ్లు వేసుకునేలా పెట్టండి.

రాత్రి నానబెట్టే పద్ధతి

స్టవ్ దగ్గర నిలబడే ఓపిక లేకపోతే ఇది చేయండి. నిజానికి ఎండలు ముదిరాక నేను చేసేది ఎక్కువగా ఇదే. లీటరు ఫిల్టర్ నీళ్లు, నాలుగైదు చిన్న చెంచాల లీఫ్ టీ, మూత గట్టిగా ఉన్న సీసా. రాత్రి పడుకోబోయే ముందు కలిపి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్న లేచేసరికి తయారు. ఎనిమిది గంటలు చాలు, పది పన్నెండు అయినా చేదెక్కదు. చల్లనీళ్లలో వగరు నెమ్మదిగా, తక్కువగా దిగుతుంది. కెఫీన్ కూడా వేడి పద్ధతి కంటే తక్కువ. మబ్బు పట్టే గొడవ దాదాపు ఉండదు. సీటీసీతో అయితే మూడు చెంచాలు, నాలుగైదు గంటలు. ఈ టీ పలచగా, మెత్తగా ఉంటుంది. దీనికి ఇంకో చుక్క నీళ్లు కలపకండి, నేరుగా ఐసు మీద పోయండి.

ఇక్కడే ఇంకో ఆలోచన వస్తుంది, నాకూ వచ్చింది. ఇంత ఎండ ఉంది కదా, సీసాలో నీళ్లు, పొడి వేసి మేడ మీద పెడితే ఎండకే టీ దిగిపోతుంది కదా అని. దిగుతుంది. రంగు బ్రహ్మాండంగా వస్తుంది. కానీ ఆ నీళ్లు యాభై, యాభై ఐదు డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, ఆకులో ఉండే సూక్ష్మక్రిములు చావడానికి ఆ వేడి చాలదు, పెరగడానికి మాత్రం సుఖంగా ఉంటుంది. నేను పెట్టిన సీసా సాయంత్రానికి కాస్త జిగురుగా, బెండకాయ నీళ్లలా సాగింది. పారబోశాను. అయితే తెర్లిన నీళ్లు, కాకపోతే ఫ్రిజ్ చలి. మధ్యలో ఎండ జోలికి పోకండి. ఫ్రిజ్‌లో నానుతుండగా కరెంటు పోయి మూడు నాలుగు గంటలు రాకపోయినా ఆ సీసా మీద ఆశ వదులుకోండి.

ఐసు, గ్లాసు

వేడి డికాషన్ని నేరుగా గాజు జగ్గులో ఐసు మీద పోయకండి. మా పెళ్లికి వచ్చిన ఆరు గ్లాసుల సెట్టులో జగ్గు అలాగే నిలువునా చీలింది. స్టీలు గిన్నెలో చల్లార్చి తర్వాత గాజులో పోసుకోండి.

ఐసు ఇంట్లో చేసిందే వాడండి. చేపలు ప్యాక్ చేయడానికి అమ్మే దిమ్మలు తాగేవాటిలో వేయకూడదు, ఎంత చవకైనా సరే. మిగిలిన డికాషన్ ఉంటే దాన్నే ట్రేలో పోసి గడ్డ కట్టించండి. మర్నాడు నీళ్ల ఐసుకి బదులు ఆ ముక్కలు వేస్తే చివరి గుక్క వరకూ టీ పలచబడదు.

ఇప్పుడు రుచులు

ముందు నిమ్మ, పుదీనా. పెద్ద గ్లాసు నిండా ఐసు. అందులో డికాషన్ సగం కంటే కాస్త తక్కువ, అంటే 120 మి.లీ. దాకా. రెండు పెద్ద చెంచాల పాకం, మిగతాది చల్లనీళ్లో సోడానో. అరచెక్క నిమ్మరసం ఆఖర్న. నిమ్మరసం పడగానే ముదురు గోధుమ రంగు టీ బంగారు రంగుకి తిరుగుతుంది, పులుపు తగిలితే టీ రంగు విరుగుతుంది. పిల్లల చేత పిండించండి, సరదా పడతారు. పుదీనాని రోట్లో దంచకండి, పచ్చడి వాసన వస్తుంది. ఆరేడు ఆకులు అరచేతిలో పెట్టుకుని ఒక్క చరుపు చరిచి వేయండి, చాలు. నిమ్మ చక్రాలు అందం కోసం వేస్తారు గానీ, జగ్గులో గంటసేపు వదిలేస్తే తొక్క కింద తెల్లటి పొర చేదు దిగుతుంది. గ్లాసు అంచున గుచ్చండి.

మా ఇంట్లో పోటీ పడేది పచ్చిమామిడి టీకి. ఒక మధ్యరకం కాయ కుక్కర్లో రెండు విజిల్స్ రానిచ్చి, చల్లారాక తొక్క తీసి గుజ్జు పిసకండి. నాలుగైదు పెద్ద చెంచాల బెల్లం పాకం, చిటికెడు నల్లుప్పు, వేయించి దంచిన జీలకర్ర పావు చెంచా. గ్లాసుకి రెండు పెద్ద చెంచాల గుజ్జు వేసి, కాసిన్ని చల్లనీళ్లతో పలచన చేసి, ఐసు వేసి, పైన డికాషన్ నెమ్మదిగా పోయండి. కింద ఆకుపచ్చ, పైన గోధుమ రంగు విడివిడిగా నిలబడతాయి. పుల్లటి కాయ అయితే నిమ్మకాయ అక్కర్లేదు. కలెక్టర్ కాయ పుల్లగా ఉండదు, దానికి అరచెక్క పిండుకోవాలి. జీలకర్ర మాత్రం దాటనివ్వకండి. ఎక్కువైతే టీ కాస్తా చారు అవుతుంది.

నన్నారి. సుగంధిపాల వేర్లతో చేసే ఈ షర్బత్తు రాయలసీమలో ఎండాకాలం ప్రతి సెంటర్లోనూ ఉంటుంది, నిమ్మకాయ, సోడాతో కలిపి ఇస్తారు. ఆ గ్లాసులో సగం సోడా తీసేసి అక్కడ టీ పోయండి. నన్నారికీ టీకీ ఇంత పొత్తు కుదురుతుందని నేను అనుకోలేదు, రెంటిలోనూ ఒక మట్టి వాసన ఉంది. గ్లాసుకి రెండు పెద్ద చెంచాల నన్నారి, అరచెక్క నిమ్మ, డికాషన్ సగం, సోడా కొంచెం. నన్నారిలోనే తీపి ఉంటుంది, పాకం వేయకండి. సీసా కొనేటప్పుడు వేరుతో కాచిందా, ఉత్త ఎసెన్సా చూసుకోండి. దీనిలో సబ్జా గింజలు బాగుంటాయి. ఒక చిన్న చెంచా గింజలు అరకప్పు నీళ్లలో పదిహేను ఇరవై నిమిషాలు నానితే కప్పల గుడ్లలా ఉబ్బుతాయి. పోలిక బాగోలేదు గానీ నిజం.

తాటిముంజలు వచ్చే రోజుల్లో రాత్రి నానబెట్టిన పలచటి టీలో వాటిని వేసుకోండి. లేతవి, గోరు గుచ్చితే నీళ్లు చిమ్మేవి. పైన గోధుమ రంగు పొర ఓపిగ్గా ఒలిచేయాలి, ఉంటే వగరు. ముక్కలు చేసేటప్పుడు లోపలి నీళ్లు కింద పోనివ్వకుండా గ్లాసు మీదే కోయండి. పాకం ఒక చెంచా, నిమ్మ నాలుగు చుక్కలు, అంతే. ముంజకి సొంత రుచి తక్కువ, గట్టి డికాషన్ పోస్తే తప్పిపోతుంది.

బత్తాయి రసం, డికాషన్ సగం సగం. ఒకటే షరతు, రసం అప్పటికప్పుడు తీయాలి. బత్తాయి రసం నిలవుంటే తనంతట తనే చేదెక్కుతుంది, ఫ్రిజ్‌లో పెట్టినా సరే.

పిల్లలకి టీ ఆకు లేకుండా ఏదైనా ఇవ్వాలంటే శంఖుపూలు ఉన్నాయి. నీలం రంగువి ఎనిమిది పది కోసి, కడిగి, గ్లాసు వేడినీళ్లలో పది నిమిషాలు వేస్తే సిరా లాంటి నీలం దిగుతుంది. నిమ్మరసం పిండగానే ఊదా రంగు. రుచి అంటూ పెద్దగా ఏమీ లేదు, అల్లం పాకం వేయాల్సిందే. బజార్లో మందార టీ అని ఎర్రటి ఎండు రేకులు అమ్ముతారు చూడండి, అవి మన పెరటి మందార పూలు కావు. గోంగూర జాతి మొక్కకి కాయ చుట్టూ ఉండే దళసరి ఎర్ర రేకులు. పుల్లగా ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైందిగా. దానికి నిమ్మకాయ అక్కర్లేదు, పాకం ఇంకో చెంచా ఎక్కువ పడుతుంది.

పాలతో కావాలంటే

ఇప్పటిదాకా చెప్పిందంతా ఇక్కడ తిరగబడుతుంది. పాల ఐస్ టీకి సీటీసీయే కావాలి, చిక్కగానే ఉండాలి, మరిగించినా పరవాలేదు. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో డికాషన్ వేరుగా దమ్ములో పెట్టి, చిక్కగా కాగిన పాలు వేరుగా ఉంచి కప్పులో కలుపుతారు కదా, లెక్క అదే. ఒక గ్లాసు నీళ్లలో మూడు చెంచాల సీటీసీ, రెండు యాలకులు వేసి సన్న సెగ మీద ఐదు నిమిషాలు ఉంచి వడకట్టి చల్లార్చండి. గ్లాసు అడుగున ఒక పెద్ద చెంచా మిల్క్‌మెయిడ్, దాని మీద నాలుగు పెద్ద చెంచాల ఈ డికాషన్ పోసి బాగా కలపండి. తర్వాత ఐసు, పైన కాచి చల్లార్చిన చిక్కటి పాలు అరగ్లాసు. నిమ్మకాయని ఈ చుట్టుపక్కలకి రానివ్వకండి. ఉస్మానియా బిస్కెట్ చల్లటి టీలో ముంచితే మెత్తబడదు, విడిగా కొరుక్కుని తినడమే.

ఇరవై మందికైతే

పుట్టినరోజుకో, చిన్న ఫంక్షన్‌కో చేయాలంటే: రెండున్నర లీటర్ల నీళ్లకి పదిహేను చిన్న చెంచాల సీటీసీ, లేదా పాతిక చెంచాల లీఫ్. టైము మాత్రం పెంచొద్దు, అదే మూడు, నాలుగు నిమిషాలు. నాలుగు వందల గ్రాముల పంచదారతో పాకం, పన్నెండు నిమ్మకాయలు, రెండున్నర కిలోల ఐసు. డికాషన్ ముందురోజు రాత్రి చేసుకోవచ్చు. నిమ్మరసం మాత్రం చుట్టాలు చెప్పులు విప్పుతున్నప్పుడే పిండండి, పొద్దున్నే పిండి ఉంచితే వాసన మారిపోతుంది.

ఇది మంచినీళ్లకి బదులు కాదు, ఎండన పడి వచ్చినవాళ్లకి ముందు ఒక గ్లాసు మంచినీళ్లు ఇచ్చి తర్వాత ఇవ్వండి. అన్నం తింటూ, తిన్న వెంటనే తాగొద్దు. తిండిలో ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డం పడుతుంది. రక్తం తక్కువని డాక్టరు చెప్పినవాళ్లు, గర్భిణులు ఇది ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. గంట ఆగి తాగండి. రాత్రి ఏడు దాటాక తాగితే నిద్ర పట్టకపోవచ్చు, చల్లగా ఉన్నంత మాత్రాన అందులో కెఫీన్ ఎక్కడికీ పోదు.

నిలవ సంగతి. ఏమీ కలపని డికాషన్ ఫ్రిజ్‌లో రెండు రోజులు. పండు, రసం, పాలు కలిపింది ఏదైనా ఆ పూటే అయిపోవాలి. సీసా మీద టీ అని ఒక చీటీ అంటించండి. కిందటి వేసవిలో నేను అంటించలేదు. మా అత్తయ్య దాన్ని చింతపండు పులుసు అనుకుని పప్పుచారులో సగం సీసా పోసేశారు. పోపు పెట్టి, కొత్తిమీర చల్లి, రుచి చూసి, "ఈసారి చింతపండు ఏ కొట్లో కొన్నావే, అసలు పులుపే లేదు" అని నన్నే అడిగారు.